కుర్చీలోంచి లేవొద్దు

"దూరం కనిపించట్లేదండీ," అన్నాడతను, కళ్లజోళ్ల షాపు కౌంటర్ ముందు నిలబడి.

"దగ్గరవాళ్ళు కనిపిస్తున్నారా?" అంది కౌంటర్ వెనకున్న అమ్మాయి, తలెత్తకుండా అద్దాలు తుడుస్తూనే.

"వాళ్ళసలే కనిపించట్లేదు."

కోడ్ సరిపోయింది. ఆమె గడ్డంతో లోపలి గది వైపు సైగ చేసింది.

కళ్ల పరీక్ష గదిలో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌కు ఆయన చీఫ్. పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేక పెద్దాయన అయ్యాడు. గోడమీద అక్షరాల బోర్డు పైనుంచి కిందికి సన్నబడుతూ వచ్చి, చివరి వరుస దగ్గర చీమల బారైపోయింది.

"కూర్చో మొద్దూ."

ఏజెంటు కూర్చున్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని మొద్దు అనే అంటారు. కిందటి మిషన్ దాకా వెనక అనేవాళ్ళు, ఆ తర్వాత ముఖం మీదే అంటున్నారు. అతను కాదనలేదు. పళ్ల డాక్టరు ఇచ్చిన మత్తింజక్షన్ దిగకుండా ఉండిపోతే ఎలా ఉంటుందో అతని లోపల అలా ఉంది. చెంప తనదేనని తెలుస్తుంది. గిల్లితే మాత్రం ఎవరి చెంపో.

"టార్గెట్ మన డ్యామ్ ఇంజనీరమ్మ," అన్నాడు పెద్దాయన. "మన డ్యాముల గేట్లు తిప్పే కంట్రోల్ బాక్సులు బయటి దేశం నుంచి కొన్నాం. వాటిలో దొంగ స్విచ్ ఒకటుంది. ఎక్కడో సముద్రం అవతల కూర్చుని ఎవడో నొక్కితే ఇక్కడ గేట్లు లేస్తాయి. కింద ఎన్ని ఊళ్ళున్నాయో నీకు తెలుసు."

"ఆ స్విచ్ ఎక్కడుందో ఆవిడకు తెలుసా?"

"ఆవిడకొక్కదానికే తెలుసు. ముందు మనవాళ్ళ చెవినే వేసింది. మర్నాటికి ఆవిడ ల్యాబ్ కాలిపోయింది. ఇక మూసిన తలుపుల వెనక నోరు విప్పనంటోంది. ఎల్లుండి జలసదస్సులో అన్ని దేశాల వాళ్ళ ముందూ చెబుతుంది. చెప్పేదాకా బతికి ఉండాలి."

"చంపేది చెదలా?"

"చెదలే."

ఆ విదేశీ ముఠాకు డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న పేరది. చెదలు ఏజెంట్లను కాల్చవు. ఏజెంటు చుట్టూ ఉన్నవాళ్ళ చెవుల్లో పుల్లలు పెడతాయి. ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం, ఇంటికి ఒక ఫోను, స్నేహితుడికి ఒక నిట్టూర్పు. కొన్నాళ్ళకు బయట రంగు చెక్కుచెదరని ద్వారబంధం చెయ్యి వేస్తే పొడిపొడిగా రాలిపోతుంది. అతనికంటే ముందు ఈ కేసు చూసిన మనిషి ఇప్పుడు ఇంట్లో కూర్చుని సొంత భార్య చేసిన కాఫీని కుక్కకు పోసి చూసి తాగుతున్నాడు.

"సదస్సులో ప్రసంగాలు తర్జుమా చేసే మన దుబాసీ కబురు పంపింది," అన్నాడు పెద్దాయన. "ప్రెస్ గ్యాలరీలో ఫోటోగ్రాఫర్. కెమెరాలో గన్."

"ఆమె మన మనిషేనా సార్?"

"డబుల్ ఏజెంట్. రెండు విస్తళ్ళలోనూ తింటుంది. మనవైపు ఇంకో ముద్ద ఎక్కువ తింటుందని మా అల్లుడి నమ్మకం."

"నా పని?"

"కూర్చోవడం. హాలు వెనక సౌండ్ క్యాబిన్ ఉంది. హాలంతా కనిపించేదీ, అన్ని మైకులూ వినిపించేదీ అక్కడొక్క చోటే. సౌండ్ ఆపరేటర్‌గా నువ్వు అక్కడ కూర్చుంటావు. ఇంజనీరమ్మ మాట్లాడటం అయ్యేదాకా ఆ కుర్చీలోంచి లేవొద్దు. వాళ్ళు నిన్ను లేపాలని చూస్తారు. ఎవరు లెమ్మన్నా లేవొద్దు."

"ఎవరన్నానా?"

"నేనన్నా సరే."

తలుపు తట్టకుండా అల్లుడు లోపలికి వచ్చాడు. పెద్దాయన కూతుర్ని చేసుకున్నాడు కాబట్టి ఆపరేషన్స్ ఇన్‌చార్జ్ అయ్యాడని ఆఫీసు అంటుంది. ఇన్‌చార్జ్ అవడానికే చేసుకున్నాడని క్యాంటీన్ అంటుంది.

"మామయ్యా, మళ్ళీ ఇతన్నేనా పంపేది? డాక్టర్ రిపోర్ట్ చూశారా? భావ స్పందన శూన్యం అని రాశాడు."

"కుర్చీలో కూర్చోడానికి స్పందన ఎందుకోయ్?"

"కిందటిసారి ఓడ మీద ఏం జరిగిందో ఇప్పటికీ తేలలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు."

"పొగే కాదు, నిప్పు కూడా ఉందండీ అల్లుడుగారూ," అన్నాడు ఏజెంటు. "ఓడ తగలబడింది కదా."

అల్లుడు నవ్వలేదు. బల్లమీద సామాను పరిచాడు. ఆవగింజకు అన్నలాంటి ఇయర్‌పీస్. చొక్కా గుండీలో మైకు. ఒక పెన్ను. క్యాప్ కుడికి తిప్పితే రాస్తుంది, ఎడమకు తిప్పి గుచ్చితే మనిషి పడుకుంటాడు. "కుడి ఎడమలు తెలుసుగా?" అన్నాడు, వీలైనంత మర్యాదగా.

అవమానం ఎక్కడో తగిలినట్టు చప్పుడైంది. నొప్పి రాలేదు. ఇంకా దారిలో ఉండి ఉంటుంది.

*

సదస్సు రోజు పొద్దున అక్క కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. మిషన్ ఆడటం లేదు.

అతను మీసం తీసేసి, నీలం రంగు డ్రెస్సు, షాపులో ఇచ్చిన లావు అద్దాల జోడు పెట్టుకుని గదిలోంచి వచ్చాడు. అక్క ఈ వేషాల గురించి ఎప్పుడూ అడగదు. ఆమె భర్త కూడా ఇలాగే వేషాల్లో బయల్దేరేవాడు. బావా బావమరుదులిద్దరూ ఒకే డిపార్ట్‌మెంట్. కిందటి మిషన్‌లో రేవులో ఓడ అంటుకున్నప్పుడు ఇద్దరూ దాని మీదే ఉన్నారు. ఇతను నీళ్ళలో తేలాడు. బావది ఒక బూటు మాత్రం దొరికింది.

"ఎర్ర దారం రీలు మళ్ళీ నువ్వే తీసుకెళ్ళావా?"

"వైర్లకు కట్టడానికక్కా. నేను పెట్టింది ఏదో నాకు తెలియాలిగా."

"కుట్టుపని చేసేదాని ఇంట్లో దారం ఉండదు. ఎవరికైనా చెప్తే నవ్వుతారు." ఆమె గుడ్డ మడత విప్పి మళ్ళీ మడత పెట్టింది. "ఒరే, ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది. గొంతు పానకంలా ఉంది. 'మీవారి చెయ్యి మీ తమ్ముడే వదిలేశాడమ్మా, మీరు పాపం ఆయనకే వండిపెడుతున్నారు' అంది."

"నువ్వేమన్నావు?"

"రాంగ్ నంబర్ అన్నాను."

"మంచిపని చేశావు."

"మళ్ళీ చేసింది. అప్పుడు విన్నాను."

అతను బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ముడి పడేదాకా ముడినే చూశాడు.

"వదిలేశావట్రా?"

"వదలడానికి చెయ్యి దొరకలేదక్కా. పొగలో వెతికాను. దొరకలేదు."

అక్క అతని ముఖంలోకి చూసింది. ఏడుపు కోసం వెతికింది. అది ఉంటే నమ్మడం తేలికయ్యేది. అతనికి ఆ సంగతి అర్థమైంది, కానీ లేనిది ఎక్కణ్ణించి తెచ్చివ్వాలి?

"తినేసి వెళ్ళు," అంది చివరికి. మిషన్ చక్రం మీద చెయ్యి వేసింది.

*

సౌండ్ క్యాబిన్ హాలు వెనక, ఎత్తులో, అద్దాల పెట్టెలా ఉంది. పక్కనే దుబాసీ క్యాబిన్. రెంటికీ మధ్య కూడా అద్దమే. బల్లకింద నల్ల వైర్లు జడ విప్పిన జుట్టులా పడి ఉన్నాయి. ముందురోజు వాటిని వేసింది అతనే. వేసిన ప్రతి వైరుకూ కొస దగ్గర ఎర్రదారం ముడి కట్టాడు. రేవు పనుల్లో బావ నేర్పిన అలవాటు. చీకట్లో కళ్ళు పనిచెయ్యవు, వేళ్ళు పనిచేస్తాయి అనేవాడు.

ఎడమ చెవికి హెడ్‌ఫోన్, అందులో హాలు. కుడి చెవిలో ఇయర్‌పీస్, అందులో ఆఫీసు.

ముందు ఇంజనీరమ్మ వచ్చి వేదిక మైకు ముందు నిలబడింది. పొట్టి మనిషి, నూనె రాసి బిగించిన జడ, భుజాన బరువైన సంచి.

"టెస్టింగ్ అనమంటారా?" అని క్యాబిన్ వైపు చూసి అడిగింది.

"మీ ఇష్టం వచ్చింది అనండమ్మా."

"నాకు మాటలు రావండీ. నేను మాట్లాడితే మోటారు పంపు వేసినట్టుంటుందంటారు మావారు."

"నీళ్ళు వస్తున్నాయి కదమ్మా, చాలు."

ఆమె నవ్వేసి ముందు వరుసలో తన సీట్లో కూర్చుంది.

తర్వాత దుబాసీ వచ్చింది. ముదురు నీలం పట్టు, ఒంటి మీద ఒక్క నగే, అది ఎక్కడుండాలో అక్కడే. ఆమె నడిచినంత మేరా హాల్లో తలలు తిరిగి, మళ్ళీ సర్దుకున్నాయి. దుబాసీలు ఎప్పుడూ జంటగా కూర్చుంటారు. అవతలి భాష వింటూనే ఇవతలి భాషలో మాట్లాడటం మెదడును పిండేసే పని, ఒకరు అలిసిపోగానే ఇంకొకరు అందుకోవాలి. ఈరోజు రెండో మనిషికి పొద్దున్నే కడుపునొప్పి వచ్చిందట. ఆమె ఒంటరిగా కూర్చుంది.

కూర్చోబోయే ముందు హాల్లోకి దిగి ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్ళింది. "మీ సెట్‌లో గరగర వస్తోందట, ఇది పెట్టుకోండి," అంటూ కొత్త హెడ్‌సెట్ ఆమె చేతికిచ్చింది. సీటు మైకులోంచి అతను విన్నాడు. గరగర సంగతి ఎవరూ తనతో అనలేదు. ఆ సంగతి మనసులో ఒకచోట పెట్టుకున్నాడు.

ఇంకొకటి కూడా. మైకు వేశాక దుబాసీకి గొంతులో ఏదో అడ్డుపడింది. ఆమె ముఖం పక్కకు తిప్పి, చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆమె ముందున్న పెట్టెమీద దగ్గు బటన్ ఉంది. నొక్కి పట్టుకుంటే మైకు మూసుకుంటుంది, దుబాసీల కోసమే పెట్టింది. అనుభవమున్న మనిషి దాన్ని ముట్టుకోలేదు. అదీ ఒకచోట పెట్టుకున్నాడు.

విదేశీ ప్రతినిధి లేచాడు. తెల్లజుట్టు, తాతయ్యలాంటి నవ్వు. తన దగ్గర రాసుకొచ్చిన ప్రసంగమేమీ లేదనీ, మనసులోంచి వచ్చిందే మాట్లాడతాననీ అన్నాడు. దుబాసీ గొంతు రెండు మూడు మాటల వెనకగా, నీడ మనిషి వెంట నడిచినట్టు, మన భాషలో అదే చెప్పింది. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్ల చాటున ఆమె టాక్‌బ్యాక్ నొక్కింది. దుబాసీకీ ఆపరేటర్‌కీ మధ్య ఉండే లైనది, హాలుకు వినిపించదు.

"మీరు వచ్చినందుకు సంతోషమండీ," అంది అతని ఎడమ చెవిలో. "నేనైతే వద్దనే చెప్పాను. పాపం, ఆయనకింకా ఆ దెబ్బ మానలేదు, ఇంత బరువు పెట్టకండి అన్నాను."

పానకంలాంటి గొంతు. అక్క మాట గుర్తొచ్చింది. పానకంలాంటి గొంతులు ఊరినిండా ఉంటాయి, అనుకుని హాలును చూశాడు.

ప్రతినిధి నదుల గురించి మాట్లాడాడు. ఆమె తర్జుమా చేసింది. మళ్ళీ చప్పట్లు, మళ్ళీ గొంతు.

"మీ పెద్దాయన అల్లుడుగారు మీ గురించి ఏమంటారో చెప్పకూడదు గానీ... మీరు ఓడలో భయంతో బిగుసుకుపోయారట. నేను నమ్మలేదు సుమండీ."

కుడి చెవిలో అల్లుడు అప్పుడే అందుకున్నాడు. "మొద్దూ, మెలకువగా ఉన్నావా? గ్యాలరీ చూడు. ఫోటోగ్రాఫర్ లెన్స్ మారుస్తున్నాడు. నీకు కనిపిస్తోందా, లేక మళ్ళీ పొగ కమ్మిందా?"

మొద్దుబారిన మనిషికి మాటలు తగలవని అందరూ అనుకుంటారు. తగులుతాయి. నొప్పి మాత్రం దుబాసీలా కొంత వెనకగా నడిచొస్తుంది. అది చేరేలోపు పని చేసుకోవచ్చు. ధ్యాస అంటే బిగించిన పిడికిలని ట్రైనింగులో చెప్పారు. అది అబద్ధమని అతనికి ఎప్పుడో తెలిసింది. చూపు మేకపిల్లలా పక్కచేలోకి పోతూనే ఉంటుంది. తిట్టకుండా, కొట్టకుండా, పోయిన ప్రతిసారీ తోలుకొచ్చి అదే దొడ్లో కట్టెయ్యడమే ధ్యాస. కట్టేశాడు. అది బావ బూటు దగ్గరికి పోయింది. తోలుకొచ్చాడు. అక్క ముఖం దగ్గరికి పోయింది. మళ్ళీ తోలుకొచ్చాడు.

ప్రతినిధి మాట ఆపి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఒక్కటి చెబుతాను, తట్టుకుంటారా?" అంది దుబాసీ టాక్‌బ్యాక్‌లో. మాట గబగబా వస్తోంది. అద్దంలోంచి ఆమె కళ్ళు హాలు మీద లేవు, అతని మీదే ఉన్నాయి. మందు మింగిన రోగిని చూస్తున్నట్టు చూస్తోంది. "మీ బావగారు... సరే, తర్వాత చెబుతాను."

టాక్‌బ్యాక్ వదిలి, ఆమె తన మైకులోకి తిరిగి వెళ్ళింది. "ఏ నదికైనా రెండు ఒడ్లుంటాయి, ఆ ఒడ్లు ఒకదానికొకటి శత్రువులు కావు," అంది, చక్కని మన భాషలో.

వేదిక మీద ప్రతినిధి ఇంకా నీళ్ళు తాగుతున్నాడు.

గ్లాసు పెదాల దగ్గరే ఉంది. గుటక దిగడం కూడా అతనికి కనిపించింది. ప్రతినిధి గ్లాసు పెట్టి, మూతి తుడుచుకుని, తన భాషలో ఒక వాక్యం పలికాడు. దుబాసీ మౌనంగా ఉండిపోయింది. తర్వాత, రంగు పోయిన గొంతుతో, ఇందాకటి మాటనే మళ్ళీ చెప్పింది. హాల్లో ఎవరూ పట్టించుకోలేదు. హెడ్‌ఫోన్లలో గొంతు వినేవాడు మాట్లాడేవాడి నోరు చూడడు.

నీడ మనిషికంటే ముందు నడిచింది. మనసులోంచి అప్పటికప్పుడు రావాల్సిన మాట, ఆమె దగ్గర ముందే ఉంది. ఇద్దరూ కూర్చుని వల్లె వేసిందే ఇదంతా. అతన్ని కుర్చీలోంచి కదిలించే పనిలో పడి ఆమె తన పాఠంలో చోటు తప్పింది.

ఇక మిగతావి వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. ఫోటోగ్రాఫర్ సంగతి చెప్పింది ఆమె. కాబట్టి ఫోటోగ్రాఫర్ ఉత్త ఫోటోగ్రాఫరే. ఇంజనీరమ్మ చెవులకున్న సెట్ ఇచ్చింది ఆమె. కాబట్టి చావు ఆ సెట్‌లో ఉంది. దగ్గు వచ్చినా ముట్టుకోని బటన్ ఆమె ముందుంది. కాబట్టి దాన్ని నొక్కాల్సిన సమయం ఒకటుంది. ప్రసంగం ముగిసి జనమంతా లేచి చప్పట్లు కొట్టేటప్పుడు. ఒక పొట్టి మనిషి కుర్చీలో వాలిపోతే ఆ నిలబడ్డ వీపుల మధ్య ఎవరికీ కనిపించదు.

గుండీ మైకులో మెల్లగా అన్నాడు. "దుబాసీ వాళ్ళ మనిషి. ఇంజనీరమ్మ హెడ్‌సెట్ తీయించండి."

 కుడి చెవిలో అల్లుడు. "ఏంటి గురూ, మళ్ళీ మొదలైందా? ఆమె లేకపోతే మనకీ సమాచారమే లేదు."

"ప్రతినిధి చెప్పకముందే తర్జుమా చేసింది."

"గొంతులు ముందే వినిపిస్తున్నాయా నీకు? మామయ్యా, వింటున్నారా? నేను చెప్పలేదూ? ఒరే మొద్దూ, ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు, నువ్వు లేచి గ్యాలరీ మెట్ల దగ్గరికి వెళ్ళు. దగ్గరున్నది నువ్వొక్కడివే. ఇది ఆర్డర్."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఏజెంటు కుర్చీలో ముందుకు వంగి ఎడమచెయ్యి బల్లకింద పెట్టాడు. శబ్దం తగ్గించే ఫేడర్ దించితే ఆమె మాట మాత్రమే ఆగుతుంది. బటన్ నుంచి వెళ్ళే సంకేతం వేరే దారిలో పోతుంది. రాత్రికి రాత్రి ఎవరో ఇక్కడ ఒక వైరు కలిపి ఉండాలి. దానికి దారం ముడి ఉండదు.

మొదటి వైరు. ముడి ఉంది. రెండోది. ఉంది.

"లెమ్మంటున్నాను." ఈసారి పెద్దాయన గొంతు. నకిలీ కాదు, ఆయనదే, ఆ చివరి మాట దగ్గర వచ్చే చిన్న ఆయాసంతో సహా. "గ్యాలరీకి వెళ్ళు. ఇంజనీరమ్మకు ఏమైనా అయితే నిన్ను నేను కూడా కాపాడలేను."

వేళ్ళు తర్వాతి వైరు మీదికి వెళ్ళాయి. ముడి ఉంది. ఇది ఇందాక చూసిందేనా? వైర్లు ఒకదానిమీదొకటి పడి ఉన్నాయి. మళ్ళీ మొదటినుంచి.

వేదిక మీద ప్రతినిధి రెండు చేతులూ చాచాడు. ముగింపుకు వస్తున్నాడు. దుబాసీ అతని ఒక వాక్యాన్ని తర్జుమా చేసి, ఊపిరి తీసుకునే సందులో టాక్‌బ్యాక్ నొక్కింది.

"మీ బావగారు బతికే ఉన్నారు. మావాళ్ళ దగ్గర ఉన్నారు ఇన్నాళ్ళూ. ఇప్పుడు కింద లాబీలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఈ ప్రసంగం అయ్యేలోపు మీరు వెళితే మీకు ఇచ్చేస్తారు. లేకపోతే తీసుకెళ్ళిపోతారు. మీ అక్కగారికి ఏం చెబుతారు? రెండోసారి కూడా చెయ్యి వదిలేశానని చెబుతారా?"

అతని చెయ్యి ఆగింది.

ఓడలో శవం దొరకలేదు. ఒక బూటు అంటే ఒక బూటే. అబద్ధమని రుజువు లేదు. కుడికాలు నేలను తన్నడానికి సిద్ధమైంది, లేవబోయే మనిషి కాలు సిద్ధమైనట్టే. అప్పుడు తెలిసింది, ఆ కాలు ఎప్పుడో తిమ్మిరెక్కిపోయిందని. కదల్లేదు. మంచిదే, అనుకున్నాడు. కాలు తన మాట విన్నట్టు లేదు గానీ, పెద్దాయన మొన్నటి మాట విన్నది.

మేకపిల్లను తోలుకొచ్చాడు. చాలా దూరం పోయింది ఈసారి. లాబీ దాకా పోయింది. అయినా తోలుకొచ్చాడు.

ముడి. ముడి. ముడి.

ప్రతినిధి చేతులు జోడించాడు. హాలు లేచింది. చప్పట్లు వాన జల్లులా మొదలై వడగళ్ళయ్యాయి. దుబాసీ చూపుడువేలు దగ్గు బటన్ మీదికి జరిగింది.

నున్నటి వైరు. కొస దాకా తడిమాడు. ముడి లేదు. లాగాడు.

ఆమె నొక్కింది.

ముందు వరుసలో ఇంజనీరమ్మ లేచి నిలబడి అందరితోపాటు చప్పట్లు కొడుతోంది, హెడ్‌సెట్ కొంచెం పక్కకు జారి. దుబాసీ మళ్ళీ నొక్కింది. వేలు తెల్లబడేదాకా నొక్కింది. అద్దంలోంచి అతని చేతిలోని వైరు చూసింది. అప్పుడు ఆమెకు నిజంగానే దగ్గు వచ్చింది. మైకు తెరిచే ఉంది. ఆ పట్టుచీర, ఆ పానకం గొంతు, అన్ని దేశాల చెవుల్లో ఖళ్ళుఖళ్ళుమని దగ్గాయి.

తర్వాత మధ్య తలుపు తెరుచుకుంది. ఆమె జడలోంచి తీసిన పొడుగాటి పిన్నుతో వచ్చింది. అతను లేవలేదు. కుర్చీని మాత్రం తిప్పి, పెన్ను క్యాప్ ఎడమకు తిప్పి, తన మీదికి వచ్చిన మోచేతిలో గుచ్చాడు. ఆమె చాలా అందంగా నేలమీద పడుకుంది.

"టీ విరామం లేకుండానే కొనసాగిద్దాం," అంటున్నాడు వేదిక మీద అధ్యక్షుడు. ఇంజనీరమ్మ మైకు ముందుకు వచ్చింది. సంచి కింద పెట్టింది. మోటారు పంపు వేసినట్టే మాట్లాడింది. మిగతా భాషల దుబాసీలు వాళ్ళ వాళ్ళ క్యాబిన్లలోంచి ఆ ధారను అందుకున్నారు. ఏ బాక్సులో, ఏ బోర్డు వెనక, ఏ చిన్న నల్లముక్క. తెల్లజుట్టు తాతయ్య మధ్యలోనే ఎయిర్‌పోర్టుకు బయల్దేరాడు. ఆయనకు దౌత్య రక్షణ ఉంది, నవ్వు కూడా ఉంది. ఏజెంటు కాళ్ళ దగ్గర దుబాసీ సన్నగా గురక పెడుతోంది. అతను ఆఖరి మాట దాకా ఫేడర్ మీద వేలు తియ్యలేదు.

*

"కెమెరాలో ఏం దొరికింది?" అడిగాడు పెద్దాయన, క్యాబిన్‌లోకి వచ్చి.

"కెమెరానే మామయ్యా," అన్నాడు అల్లుడు, ఎటో చూస్తూ. హెడ్‌సెట్‌ను అతనే విప్పాడు. చెవి మెత్త కింద వెంట్రుక మందం సూది ఉంది. దాన్ని చూసినప్పటినుంచి అతను తన చెవినే తడుముకుంటున్నాడు. "ఏదేమైనా ఆర్డర్ ధిక్కరించడం ధిక్కరించడమే. రిపోర్టులో రాయాలి."

"రాయండి," అన్నాడు ఏజెంటు.

పెద్దాయన అతని పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. మొన్నటికీ ఇప్పటికీ ముసలివాడయ్యాడు. "నేను కూడా లెమ్మన్నాను కదరా. నా గొంతే అని నీకు తెలుసు."

"తెలుసు సార్. మీరే వద్దన్నారు, మీరే లెమ్మన్నారు."

"మరి ఏ నన్ను నమ్మాలో ఎలా తేల్చుకున్నావు?"

"కళ్లజోళ్ల షాపులో మిమ్మల్ని ఎవరూ భయపెట్టలేదు సార్."

 పెద్దాయన లేచి, వెళుతూ వెళుతూ అతని భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి బరువు తెలిసింది. అంతవరకే తెలిసింది.

కింద లాబీలో కిటికీ పక్కన నిజంగానే ఒక కుర్చీ ఉంది. ఖాళీగా ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదని చెప్పడానికి వీల్లేదు, కూర్చున్నారని చెప్పడానికీ వీల్లేదు. తోలు మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది. కిటికీలోంచి ఎండ దాని మీదే పడుతోంది.

అతను ఆ కుర్చీలో కూర్చున్నాడు. తిమ్మిరి దిగడం మొదలైంది. ముందు మడమలో, తర్వాత పిక్కలో, వేయి సూదులు ఒక్కసారి గుచ్చినట్టు. పళ్ళు బిగబట్టాడు. కాలి నొప్పికి అంత నీరు కళ్ళలోకి రానక్కరలేదు. వచ్చింది. అద్దాల జోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

లాబీ ఫోన్ నుంచి ఇంటికి చేశాడు. అవతల మిషన్ చప్పుడు ఆగింది.

"అక్కా, బావ ఉన్నాడన్నారు. వెళ్ళి చూశాను."

"ఉన్నాడా?" అంది.

"లేడక్కా."

అవతల ఊపిరి వినిపించింది. అతని గొంతులో ఆమె ఏదో విన్నది కాబోలు, పొద్దున ముఖంలో వెతికి దొరకనిది. "సరే. ఇంటికి రా," అంది. "దారం రీలు తే. ఒరే, ఆ ఆడమనిషి మళ్ళీ ఫోన్ చేస్తే ఏం చెప్పమంటావు?"

"ఇక చెయ్యదక్కా. ఆమెకు దగ్గు పట్టుకుంది."